వాంతి రాకపోతే ఏమవుతుంది? పాతకాలపు వాంతి మందుల గురించి

పాతకాలపు వాంతి మందుల గురించి మీరు అడిగిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. పాత వైద్య పుస్తకాల్లో మాటిమాటికీ కనిపించే "వాంతి చేయించు మందులు" అంటే ఏ పదార్థాలు? అవి నిజంగా పనిచేసేవా? ఇంట్లో ఎవరైనా పొరపాటున ఏదైనా మింగితే ఇప్పుడు ఉప్పునీళ్ళు పట్టించవచ్చా?

చివరిదానికి ముందు జవాబు చెప్పేస్తాను. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు, ఇది అలా కాదు. వద్దు. ఉప్పునీళ్ళు వద్దు, ఆవపిండి కలిపిన నీళ్ళు వద్దు, గొంతులో వేలు పెట్టి కక్కించడం కూడా వద్దు. ఎందుకు వద్దో ఈ మందుల కథ మొత్తం చదివితే మీకే అర్థమవుతుంది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఫార్మకాగ్నసీ చెబుతున్నాను. మొక్కల నుంచి, ఖనిజాల నుంచి వచ్చే మందుల శాస్త్రం అది. మధ్యలో రెండేళ్ళు ఒక ఆసుపత్రిలో విషాల సమాచార విభాగంలో ఫోన్ దగ్గర పనిచేశాను. క్లాసులో గాజు సీసాలోంచి తీసి చూపించే వేర్లూ కాయలూ ఒకవైపు, అర్ధరాత్రి ఫోన్‌లో వినిపించే కంగారు గొంతులు ఇంకోవైపు. ఈ రెండిటి మధ్యా ఉండి ఉండి, ఏ వాంతి మందునైనా ఒకే ఒక్క ప్రశ్నతో తూచడం అలవాటైంది: ఇది ఇచ్చాక వాంతి రాకపోతే ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే వాంతి ఎలా వస్తుందో కొంచెం తెలియాలి. కడుపు తనంతట తాను వాంతి చేసుకోదు. మెదడు చేయిస్తుంది. ఆ సమయంలో కడుపు వదులుగానే ఉంటుంది, ఉదరవితానమూ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) పొట్ట కండరాలూ కలిసి దాన్ని బలంగా నొక్కుతాయి. మెదడుకు ఆ కబురు ముఖ్యంగా రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి, కడుపులోపలి పొరను ఏదైనా మండించినప్పుడు అక్కడి కణాలు సెరొటోనిన్ అనే రసాయనం విడుదల చేస్తాయి, వేగస్ నరం ఆ సంగతిని పైకి మోస్తుంది. రెండోది రక్తం దారి. మెదడులో చాలా భాగానికి రక్తంలోని విషాలు చేరకుండా ఒక కట్టుదిట్టమైన అడ్డు ఉంటుంది. మెదడు కాండం కింది భాగంలో ఏరియా పోస్ట్రీమా అనే చిన్న చోట మాత్రం ఆ అడ్డు పలచన. ఆ చోటు రక్తాన్ని రుచి చూస్తూ ఉంటుంది. తేడాగా ఏదైనా తగిలితే వెంటనే వాంతికి ఆదేశం వెళ్తుంది.

అంటే వాంతి చేయించాలంటే ఆ పదార్థం కడుపునైనా మండించాలి, రక్తంలోకి విషంలానైనా వెళ్ళాలి. మూడో దారిలో పనిచేసే మందు పాతకాలం వాళ్ళ చేతిలో లేదు. మందు పని చేసిందంటే ఒంటికి అది విషమని తెలిసిందని అర్థం. దీనికి ఎలుకలు మంచి ఉదాహరణ. ఎలుకలు వాంతి చేసుకోలేవు. మధ్యధరా సముద్ర తీరాల్లో స్క్విల్ అనే గడ్డ పెరుగుతుంది, అడవి ఉల్లికి దగ్గరి చుట్టం. దాన్ని ప్రాచీన కాలం నుంచీ కఫానికీ వాపులకూ మందుగా వాడారు. ఎర్ర స్క్విల్ తిన్న కుక్కా పిల్లీ సాధారణంగా కక్కేసి బతికిపోతాయి, ఎలుక కక్కలేక చచ్చిపోతుంది. అందుకే దాన్ని ఎలుకల మందుగా అమ్మారు. గడ్డ ఒకటే, తేడా అంతా తిన్న జంతువు కక్కగలదా లేదా అన్నదే.

ఇక పదార్థాల సంగతికి వస్తే, ఆయుర్వేదంలోని వమనం, అంటే వాంతి చేయించే చికిత్స, దగ్గరే మొదలుపెడతాను. నాకు తెలిసినంతలో పాతకాలపు వైద్యాల్లో వాంతిని ఇంత పద్ధతిగా ఆలోచించింది ఇదే. చరక సంహిత కల్పస్థానంలో కక్కించడానికి, విరేచనం చేయించడానికి కలిపి 600 యోగాలు, అంటే మందు తయారీలు, చెప్పారు. అందులో వమనానివి 355. ఆ 355లో 133 ఒక్క మదనఫలంతోనే. తెలుగులో దాన్ని మంగకాయ అంటారు. మిగతావి చేదు బీర, చేదు సొర, కొడిశపాల లాంటివి.

మంగకాయ చూడ్డానికి చిన్న నిమ్మకాయంత, పండితే పసుపు రంగు. ఎండిన కాయ పగలగొడితే లోపల గుజ్జులో గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. శాస్త్రంలో వీటిని మదనఫల పిప్పలి అంటారు, అసలు మందు అదే. క్లాసులో నేనెప్పుడూ ఒక పని చేయిస్తాను. చిటికెడు పొడి పరీక్షనాళికలో వేసి, నీళ్ళు పోసి, గట్టిగా ఊపమంటాను. కుంకుడు రసంలా నురగ లేస్తుంది, పావుగంట దాటినా తగ్గదు. అవి సపోనిన్లు, సబ్బులా నురగనిచ్చే పదార్థాలు. కడుపు పొరను చికాకు పెట్టేదీ అవే, చెరువులో వేస్తే చేపల్ని మత్తెక్కించేదీ అవే. ఈ కాయను చేపలు పట్టడానికి వాడిన సంగతి పిల్లలకు చెప్పగానే వాళ్ళ చేతిలోని పరీక్షనాళిక మీద గౌరవం పెరుగుతుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది కాయ కాదు, దాని చుట్టూ కట్టిన జాగ్రత్త. ముందు కొన్ని రోజులు నెయ్యీ నూనెలతో స్నేహనం, తర్వాత చెమట పట్టించే స్వేదనం. ముందురోజు కఫం పెంచే ఆహారం. ఉదయాన్నే పాలో, చెరుకు రసమో, అతిమధురం కషాయమో కడుపు నిండా తాగించి, తేనె, సైంధవ లవణం కలిపిన మదనఫలం ఇస్తారు. ఇచ్చాక ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు, ఎదురుచూడమన్నారు. చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, పొట్ట ఉబ్బరించడం, నోట్లో నీళ్ళూరడం, ఇలా వరసగా ఏం కనిపిస్తుందో రాశారు. ఎన్ని వేగాలు, అంటే ఎన్నిసార్లు వాంతి, వచ్చాయో లెక్కపెట్టమన్నారు: ఎనిమిది ఉత్తమం, ఆరు మధ్యమం, నాలుగు తక్కువ. చివరికి పిత్తం కనబడితే ఆపేయాలి. తర్వాత జావతో మొదలుపెట్టి మెల్లగా మామూలు భోజనానికి తీసుకురావాలి.

మరి వాంతి రాకపోతే? దానికీ జవాబు ఉంది. గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకున్న రెండు వేళ్ళతో గాని, కలువ కాడతో గాని గొంతును మెల్లగా తాకమన్నారు. గోళ్ళ సంగతి రాసిన మనిషి రోగి పక్కన కూర్చున్నవాడే అయ్యుండాలి, ఊహించి రాసేవాడికి అది తట్టదు. మందు చాలకపోతే ఏమవుతుందో, ఎక్కువైతే ఏమవుతుందో విడిగా చెప్పారు. గర్భిణులకూ, పిల్లలకూ, వృద్ధులకూ, గుండె జబ్బున్నవాళ్ళకూ ఇవ్వకూడదన్నారు. పెద్ద మోతాదులో ద్రవం ముందే తాగించడంలోనూ తెలివి ఉంది. ఖాళీ కడుపును కక్కించడం కష్టం, నిండిన కడుపు అయితే మందునూ తనతో పాటు బయటికి తెస్తుంది. ఇది పుస్తకం చదివి ఇంట్లో చేసుకునే పని కాదని వేరే చెప్పక్కర్లేదు.

గ్రీకులకూ ఇదే భయం ఉండేది, కాని వాళ్ళ మందు చాలా మొరటు. తెల్ల హెలిబోర్, అంటే వెరాట్రమ్ వేరు. గ్రీసులో ఫోకిస్ ప్రాంతంలోని అంటికిరా పట్టణం ఈ వేరుకు ఎంత పేరు పొందిందంటే, ఎవరికైనా పిచ్చి పట్టిందని చెప్పాలంటే "అంటికిరాకు పంపాలి" అనేవాళ్ళు. దీనిలోని ఆల్కలాయిడ్లు అనే ఘాటైన రసాయనాలు నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు, గుండె వేగమూ రక్తపోటూ పడిపోతాయి. హిప్పోక్రటీస్ సూక్తుల్లో, హెలిబోర్ తర్వాత మూర్ఛలు వస్తే రోగి బతకడని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా ప్రశ్నకు జవాబు వాళ్ళకు అప్పుడే తెలుసన్నమాట. తెలిసీ వాడారు. ఇప్పటికీ యూరప్‌లో కొండల మీద జెన్షియన్ అనే మరో మందు మొక్క అనుకుని ఈ వేరు తవ్వుకుని ఆసుపత్రి పాలయ్యేవాళ్ళున్నారు.

ఎందుకు వాడారన్నది మీరు అడగలేదు గాని, అది లేకుండా ఈ కథ సగమే. ఒంట్లో కఫమో, పిత్తమో, చెడ్డ రసమో పెరిగితే జబ్బు వస్తుందని నమ్మినప్పుడు దాన్ని బయటికి పంపడమే వైద్యం. వాంతిలో పచ్చటి పిత్తం కళ్ళెదుట కనిపిస్తుంది. జబ్బే బయటికొచ్చిందని రోగీ నమ్ముతాడు, వైద్యుడూ నమ్ముతాడు. ఈజిప్టు వాళ్ళు నెలకు మూడు రోజులు వరసగా వాంతులూ ఎనిమాలతో ఒళ్ళు శుభ్రం చేసుకుంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, జబ్బులన్నీ తిండి వల్లే వస్తాయని వాళ్ళ నమ్మకమట. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. రోమన్లు విందు మధ్యలో కక్కుకోవడానికి 'వామిటోరియం' అనే గది కట్టుకున్నారనేది తప్పు. ఆ మాటకు అర్థం ప్రదర్శనశాలలో జనం బయటికి పోటెత్తే దారి. ఇలాంటిదే ఇంకో పొరపాటు ఐలెక్స్ వామిటోరియా అనే అమెరికా మొక్క పేరు. అక్కడి ఆదివాసులు దాని ఆకు కషాయం తాగి కర్మకాండలో భాగంగా కక్కేవాళ్ళు. ఆకులో ఉన్నది కెఫీన్, వాంతి మందు కాదు. పేరు పెట్టినవాళ్ళు ఆచారాన్ని చూసి మొక్క మీద నింద వేశారు.

ఖనిజాల్లో పేరుమోసింది ఆంటిమొనీ. దాంతో చేసిన లోటాల్లో ద్రాక్షసారా పోసి రాత్రంతా ఉంచేవాళ్ళు. సారాలోని ఆమ్లం లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది, తెల్లారి అది తాగితే వాంతి. సారా ఎంత పుల్లగా ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది, అందువల్ల మోతాదు ఎవరి చేతిలోనూ ఉండదు. 1566లో పారిస్ న్యాయస్థానం ఆంటిమొనీ మందుల్ని నిషేధించింది. 1658లో సాక్షాత్తూ ఫ్రాన్స్ రాజు, పద్నాలుగో లూయీ, జ్వరంతో మంచాన పడి ఆంటిమొనీ తీసుకున్నాక కోలుకున్నాడు. 1666లో నిషేధం ఎత్తేశారు. రాజు మందు వల్ల బతికాడో, మందు ఇచ్చినా బతికాడో ఎవరూ అడగలేదు. టార్టార్ ఎమెటిక్ అనే దాని లవణాన్ని 1799లో జార్జ్ వాషింగ్టన్‌కు చివరి రోజున, రక్తం తీయడంతో పాటు, ఇచ్చారు. వాంతి రాకపోతే ఆంటిమొనీ ఏం చేస్తుంది? దాదాపు ఆర్సెనిక్ చేసేదే.

ఇపికాక్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ కథలో నా ప్రశ్నకు కొంతవరకు నిలబడ్డ మందు అదొక్కటే. బ్రెజిల్ అడవుల్లో చెట్ల నీడన పెరిగే చిన్న పొద. దాని వేరు పట్టుకుని చూస్తే ఇంకే వేరుతోనూ పొరబడరు. పెన్సిల్ కంటే సన్నం, ఇటుక రంగు కలిసిన గోధుమ రంగు, దగ్గర దగ్గరగా ఉంగరాలు. దారానికి పూసలు గుచ్చినట్టు ఉంటుంది. గోటితో గీరితే ఆ ఉంగరాల బెరడు ఊడి లోపల సన్నటి కట్టె బయటపడుతుంది. మందంతా బెరడులోనే. దాన్ని పొడి చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. పూర్వం దంచిన పనివాళ్ళకు ముక్కు కారడం, ఆయాసం మామూలు. ఒకసారి మా ల్యాబ్‌లో ఓ అమ్మాయి సీసా మూత తీసి వాసన చూసింది. ఆ మధ్యాహ్నమంతా తుమ్ములే, కళ్ళు వాచిపోయాయి. అప్పటినుంచీ ఆ సీసా మూత నేనే తీస్తాను.

ఐరోపాకు దీన్ని పరిచయం చేసినవాళ్ళలో డచ్ వైద్యుడు విలెమ్ పీసో ముఖ్యుడు, 1648లో అచ్చయిన బ్రెజిల్ ప్రకృతి చరిత్రలో వర్ణించాడు. తర్వాత హెల్వేషియస్ అనే వైద్యుడు పారిస్‌లో జిగట విరేచనాలకు రహస్య మందుగా ఇచ్చాడు. 1688లో పద్నాలుగో లూయీ ప్రభుత్వం వెయ్యి బంగారు నాణేలిచ్చి ఆ రహస్యం కొన్నది. రహస్యం ఇపికాకే. 1817లో పెల్టియే, మజాండీ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి వాంతి తెప్పించే పదార్థం, ఎమెటీన్ తీశారు. 1912లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ అనే వైద్యుడు ఎమెటీన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చి అమీబా విరేచనాలను తగ్గించాడు. హెల్వేషియస్ రోగుల్లో కొందరికి నిజంగానే ఎందుకు తగ్గిందో అప్పుడు తెలిసింది. వాంతి వల్ల కాదు, అమీబాలు చచ్చిపోవడం వల్ల. ఆంటిమొనీకీ ఇలాగే చివరికి అసలు పని దొరికింది. 1922లో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి తయారుచేసిన యూరియా స్టిబమీన్ అనే ఆంటిమొనీ మందు కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరం మీద పనిచేసింది. వందల ఏళ్ళు తప్పు పనికి వాడిన విషాలు ఇవి.

చిన్న మోతాదులో ఇపికాక్ దగ్గు మందు కూడా. వాంతి రాదు, కాని దాని అంచు దాకా వెళ్తుంది. కడుపు చికాకు పడితే అదే వేగస్ నరం దారిలో ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ తేమ పెరిగి కఫం పలచబడుతుంది. స్క్విల్ కూడా అంతే. వమనాన్ని కఫానికి చెప్పడం వెనకా వైద్యులు చూసిన ఈ అనుభవమే ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

ఇపికాక్ సిరప్ తాగిన తర్వాత సాధారణంగా 20, 30 నిమిషాల్లో వాంతి వస్తుంది. వేరులోని ఎమెటీన్, సెఫలీన్ రెండూ కడుపునూ మండిస్తాయి, ఏరియా పోస్ట్రీమానూ తట్టిలేపుతాయి. రెండు దారులూ ఒకేసారి పట్టడం వల్ల నమ్మకంగా పనిచేసింది. 1965లో అమెరికాలో 30 మిల్లీలీటర్ల సీసాను చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు, పిల్లలున్న ఇంట్లో ఒకటి ఉంచుకోమని డాక్టర్లే చెప్పేవాళ్ళు. 2003లో అక్కడి పిల్లల వైద్యుల అకాడమీయే ఇక ఇంట్లో ఉంచొద్దంది. కారణాలు మూడు. కక్కినప్పుడు మింగినదాంట్లో ఎంత బయటికొస్తుందో చెప్పలేం, ఆలస్యమయ్యే కొద్దీ దాదాపు ఏమీ రాదు. వాంతులు ఆగకపోతే, విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి ఇచ్చే సమయం చేజారిపోతుంది. ఈ లోగా మనిషి మత్తులోకి జారుకుంటే కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో బాధాకరమైన సంగతీ ఉంది. సన్నబడాలనే జబ్బు పట్టి రోజూ దీన్ని తాగినవాళ్ళున్నారు. ఎమెటీన్ ఒంట్లోంచి త్వరగా పోదు, పేరుకుని గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ప్రాణాలు పోయాయి. మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా తిన్నది కావాలని కక్కేస్తున్నారని అనుమానం ఉంటే తిట్టకండి, డాక్టరు దగ్గరికి తోడుగా వెళ్ళండి.

ఇప్పుడు ఇంటి మందులు. ఆవపిండి గోరువెచ్చటి నీళ్ళలో కలిపితే అందులోని ఎంజైమ్ మేలుకుని ఘాటైన నూనెను విడుదల చేస్తుంది. నీళ్ళు మరిగిపోతే ఎంజైమ్ చచ్చి ఘాటు రాదు, పాత పుస్తకాలు గోరువెచ్చగా అని పట్టుబట్టింది అందుకే. వాంతి రాకపోతే కడుపులో మంట, అంతే. కాని చాలాసార్లు వాంతి రానే రాదు. మైలుతుత్తం అలా కాదు, దాదాపు ప్రతిసారీ వెంటనే కక్కిస్తుంది, నీలంగా. రాకపోతే మాత్రం ఎర్ర రక్తకణాలు పగిలి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అన్నిటికంటే అమాయకంగా కనిపించే ఉప్పు అన్నిటికంటే ఎక్కువ భయపెడుతుంది నన్ను. లెక్క వేసి చూడండి. ఒక పెద్ద చెంచా ఉప్పు దాదాపు 17, 18 గ్రాములు. అంటే 300 మిల్లీమోల్‌ల (రక్తంలో లవణాలను కొలిచే ప్రమాణం) సోడియం. పది కిలోల పసివాడి ఒంట్లో నీరు దాదాపు ఆరు లీటర్లు, అందులో లీటరుకు సోడియం 140 ఉండాలి. వాంతి రాక ఆ చెంచాడు లోపలే ఉండిపోతే లీటరుకు 50 పెరిగి 190కి చేరుతుంది. 160 దాటినా చాలు, ప్రమాదమే. రక్తంలోని ఉప్పు మెదడు కణాల్లోంచి నీరు బయటికి లాగేసుకుంటుంది, మూర్ఛలు వస్తాయి. మింగిన వస్తువు వల్ల ఏమీ కాకపోయినా, పట్టించిన ఉప్పు వల్ల పోయిన పిల్లలూ పెద్దలూ ఉన్నారు. వైద్య పత్రికల్లో ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

నేను ఫోన్ దగ్గర ఉన్న రోజుల్లో ఒక రాత్రి ఓ తండ్రి ఫోన్ చేశాడు. మూడేళ్ళ బాబు కిరోసిన్ సీసా నోట పెట్టుకున్నాడు. ఆయన మాట్లాడుతుంటే వెనకాల గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఏం కలుపుతున్నారని అడిగాను. ఉప్పు, పెద్దావిడ పట్టించమన్నారు అన్నాడు. గ్లాసు పక్కన పెట్టించండి, ముందు ఆ పని చేసి మాట్లాడండి అన్నాను. కిరోసిన్ కడుపులో ఉన్నప్పటికంటే కక్కేటప్పుడే ఎక్కువ ప్రమాదం, ఒక్క చుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. యాసిడ్, కాల్చే క్లీనర్లు అయితే వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఇంకోసారి గొంతును కాలుస్తాయి. ఎన్ని నిమిషాలైంది, ఎంత తాగి ఉండొచ్చు, బరువెంత, దగ్గుతున్నాడా అని అడిగాను. దగ్గుతున్నాడు. తనంతట తాను వాంతి చేసుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి, వెంటనే బయల్దేరండి, ఆ సీసా కూడా చేత్తో పట్టుకుని రండి అని చెప్పాను. బాబును ఒక రోజు ఆక్సిజన్ మీద ఉంచి, రెండో రోజు ఇంటికి పంపారు.